రసూలన్న బండిలో వేరుశనగ నూనె

మొదటే ఒప్పుకుంటాను. ఆ రోజు నేను ఒక మోటారు సైకిల్లో ఇంజన్ ఆయిల్ పోయాల్సిన చోట వేరుశనగ నూనె పోశాను. బండి చెడింది. అది చిన్న సంగతి. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములిద్దరు కలవబోతుంటే, మధ్యలో బజ్జీల వాసన పుట్టించి విడగొట్టాను. ఇంత ఘనకార్యానికి నాకు ఒక్క పూట చాలింది.

ఎనభైల మొదట్లో సంగతి. ఆదోనిలో మా పక్కింటి రసూలన్న పరుపులు కుట్టేవాడు. వాళ్ల నాయన వదిలిపోయిన పాత విదేశీ మోటారు సైకిలు ఆయన దగ్గరే ఉండేది. దాని కోసమే తమ్ముడు మస్తాన్ ఆయనతో మాట్లాడటం మానేశాడు. మస్తాన్ యెమ్మిగనూరులో దర్జీ. అతనికి కూతురు పుట్టింది. పాపకు పేరు పెట్టే రోజు బంధువులందరి ముందూ బండిని తమ్ముడికి ఇచ్చేసి, పాత గొడవ కడిగేసుకోవాలని రసూలన్న అనుకున్నాడు.

ఆ బండికి ఎడమ పక్క ఒక రేకు డబ్బా ఉంటుంది. ఇంజను బలం అందులోని చెయిన్ మీదుగా క్లచ్‌కు పోతుంది. అక్కడి బేరింగులు అరిగిపోయి, బండి కదిలితే ఎవరో రాళ్లు నములుతున్నట్టు ఉండేది. నేను పత్తి మిల్లులో గుమాస్తాను. మిల్లులో బేరింగులు మారుస్తుంటే కిటికీలోంచి చాలాసార్లు చూశాను. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నవాడు డాక్టరయితే, నేనూ మెకానిక్కునే.

"అన్నా, ఈ గరగరతో ఇస్తే ఏం బాగుంటాది? బేరింగులు నేను మారుస్తా."

"నీకు వస్తాదా నాగూ?"

"దాందేముందన్నా. పాతవి తీసేది, కొత్తవి పెట్టేది."

"తీసేది అందరికీ వస్తాదిలే" అన్నాడు రసూలన్న. కానీ ఇచ్చాడు. అంత మంచివాడు.

కొత్త బేరింగు రోలర్లు దేనికది విడిగా ఉన్నాయి. ఒకటి పెడితే ఇంకొకటి జారి దుమ్ములో పడేది. జారకుండా ఉండాలని పెండ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు గ్రీజు దట్టించాను. అది క్లచ్ ప్లేట్లకు అంటకూడదని నాకు తెలియదు. మూత బిగించాక చూస్తే, డబ్బాలోని పాత ఆయిలంతా నేల తాగేసి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం, అంగళ్లు మూసి నమాజుకు పోయారు. రసూలన్న కూడా పోయాడు. పాపకు పేరు పెట్టేది ఆ సాయంత్రమే, ఆయన రాగానే యెమ్మిగనూరుకు బయలుదేరాలి. నేను నేరుగా మా వంటింట్లోకి నడిచాను.

"ఆ నూనె డబ్బా యాడికి ఎత్తుకపోతాండావురా?" అంది మా అమ్మ.

"బండికమ్మా."

"బండికి తిరగవాత పెడతావా?"

వినలేదు. పోశాను. రసూలన్న వచ్చి కిక్కు కొట్టాడు. గరగర పోయింది. ఆయన కాసేపు కదలకుండా విన్నాడు. "నాయన ఉండంగ ఇట్లనే ఉండె నాగూ" అన్నాడు. నూనె సంగతి చెప్పడానికి అదే సమయం. నేను వెనక సీటెక్కి కూర్చున్నాను.

ఊరు దాటి కొంతదూరం పోయాక ఇంజను అరుస్తోంది గానీ చక్రం మాట వినడం లేదు. క్లచ్ జారి జారి వేడెక్కింది, దానితోపాటు నూనె కాగింది. చేలో పత్తి తీస్తున్న ఒకామె నడుం పైకెత్తి, "ఏమప్పా, బజ్జీలు యాడ ఏస్తాండారు?" అని అడిగింది. ఒక కుక్క మా వెంట పడింది. మేం ఎంత నిదానంగా పోతున్నామంటే, అది పరిగెత్తాల్సిన అవసరం రాలేదు.

"ఏం పోస్తివి నాగూ దాంట్లో?"

"ఆయిలే అన్నా."

అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దారిలోని కోటేకల్లు నుంచి ఇద్దరం తోసుకుంటూ పోయాం.

మస్తాన్ ఇంటి ముందు పందిట్లో బంధువులంతా ఉన్నారు. రసూలన్న చెమట తుడుచుకుని, బండి హ్యాండిలు తమ్ముడి చేతికి ఇచ్చాడు. "ఇది నీది తమ్మీ." మస్తాన్ ముఖం విచ్చుకుంది. ఎక్కి కిక్కు కొట్టాడు, గేరు వేశాడు. బండి ఊరంతా వినిపించేట్టు అరిచి, ఉన్నచోటే నిలబడి, కింద ధారగా నూనె వదిలింది. ఎవరో నవ్వారు. పందిరంతా అందుకుంది.

మస్తాన్ దిగాడు. "ఇన్నేండ్లు నువ్వు తిరిగినప్పుడు గుర్రం మాదిరి ఉండె. నాకిచ్చేనాటికి సంపి తెస్తివా అన్నా?"

రసూలన్న నా వైపు చూశాడు. నేను మా వెంటే వచ్చిన కుక్క వైపు చూశాను.

"తప్పయింది తమ్మీ" అన్నాడు రసూలన్న. ఎవరి తప్పో చెప్పలేదు. మంచినీళ్లు కూడా ముట్టకుండా బస్టాండుకు నడిచిపోయాడు. నేను ఉండిపోయి తిన్నాను. మళ్లీ వడ్డిస్తే వద్దనలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ చేయి రావడం లేదు.

ఆ తరవాత రసూలన్న నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే హాయిగా నిద్రపోయేవాణ్ని. చివరికి నేనే బస్సెక్కి మస్తాన్ దగ్గరికి పోయి అంతా చెప్పాను.

"ఆ పొద్దు నోరు యాడ పెట్టుకుంటివి?"

"బిర్యానీలో అన్నా."

అతను నవ్వలేదు. కుట్టుమిషను ఆపి, "పదిమందిలో మా అన్నను మాట అంటి. ఆ పదిమందికీ నువ్వే పోయి సెప్పల్ల" అన్నాడు.

పోయాను. ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లో చాయ్ ఇచ్చారు, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. "ఉప్పు గూడా ఏసింటివా?" అని ఒకాయన. "ఆ బండి నాకు అమ్ముతారా, హోటలు పెట్టుకుంటా" అని ఇంకొకాయన. కోడుమూరులో వాళ్ల మేనత్త కూడా పడీపడీ నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "రసూలు ఆ పొద్దు పాపను గూడా ఎత్తుకోకుండ పాయె గదరా" అంది. అక్కడ చాయ్ సగంలోనే వదిలేసి లేచాను.

చివర రసూలన్న ఇంటికి పోయాను. పరుపు కుడుతున్నాడు. నేను చెప్పేదంతా విన్నాడు, సూది ఆపలేదు.

"బండిది ఏముందిలే నాగూ. తమ్ముడు ఆ మాట అన్నప్పుడు, నువ్వు మాట్లాడతావేమోనని చూస్తి."

ఆ గడప దిగుతూనే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరి బండీ విప్పను, సొంత సైకిలు చెయిన్ ఊడినా భుజాన మోసుకుపోతాను తప్ప చేయి పెట్టను. మర్నాడే యెమ్మిగనూరు పోయి, మస్తాన్‌ను, చంటిపాపతో సహా అతని భార్యను తీసుకొచ్చి రసూలన్న ముందర కూర్చోబెట్టాను. అన్నదమ్ములిద్దరూ తలలు వంచుకుని నేల చూస్తూ ఉండిపోయారు. ఈసారి నేనే మాట్లాడాను: "తప్పు నాది అన్నా. ముందు పాపను ఎత్తుకో."