పసుపుపిట్ట, బొగ్గుపిట్ట

ఒక మగాణ్ణి వాడి సొంతింట్లోకి రానివ్వకుండా మూడు వారాలు కర్రతో తరిమిన ఘనురాలిని నేను. వాడు నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. నిలబెడితే నా అరచేతికి సరిపోడు. అయినా నా వీరత్వానికి, మగ్గాల పనికి మేం వలసొచ్చిన కడోదరాలో మా గదుల వరసంతా మురిసిపోయింది. తర్వాత నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వండి గానీ, మా అత్తమ్మ నవ్వినంత నవ్వకండి.

పుస్తకాల చదువు తక్కువైనా, పిట్టల పేర్లలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. కొమ్మను గోళ్లతో బిగించి కూర్చునే పిట్టలన్నిటినీ చిన్నప్పుడే వంశాలుగా విడగొట్టేశాను. గోరింకలది కయ్యాల వంశం. పికిలిపిట్టలది సిగ ముడిచి పేరంటానికి వెళ్లే వంశం. గిజిగాడు గూడు అల్లుతాడు కాబట్టి మా నేతపనివాళ్లకు సాక్షాత్తూ చుట్టం. పూలల్లో ముక్కు పెట్టే బుల్లి పిట్టల్లో పసుపుగా ఉండేది పసుపుపిట్ట, నల్లగా మిలమిలలాడేది బొగ్గుపిట్ట. రంగు వేరు, పేరు వేరు, కాబట్టి వంశమే వేరు. నా మాటకు తిరుగులేదు.

అప్పటికి నా పెళ్లయి ఏడాది. మా ఆయన మగ్గాల కార్ఖానాకు వెళ్లేవాడు, నేను ఇంటి దగ్గర చీరలు మడతపెట్టేదాన్ని. ఆ ఎండాకాలం మా గుమ్మం ముందు బట్టలారేసే తీగ కొసకు పసుపుపిట్ట గూడు మొదలుపెట్టింది. ఎండుటాకులు, సాలెగూడు, మా కార్ఖానా దారప్పోగులు, నడుమ ఒక జరీ ముక్క. చూస్తే ఎవరిదో చిరిగిన మేజోడు వేలాడుతున్నట్టుండేది. అత్తమ్మ మాత్రం దాన్ని చూసి పొంగిపోయింది. పల్సానాలో బావగారింటికి నెల రోజులకని వెళ్తూ నాకు అప్పగింతలు పెట్టింది.

"నేనొచ్చేదాంక గూడు పైలం బిడ్డా. పిల్లలు ఎగురుడు నేను కండ్లార చూడాలె."

అత్తమ్మ అప్పగించింది గూడే గానీ, నాకు కోటను అప్పగించినట్టే అనిపించింది. పసుపుపిట్ట మగ్గం మీద నాడెలా అటూ ఇటూ తిరిగి కడుతుంటే, ఎదుటి తీగ మీద ఒక బొగ్గుపిట్ట కూర్చుని ఒకటే ఈలలు. పక్క గది సావిత్రక్క కూడా గమనించింది.

"ఆడది కష్టపడ్తుంటే వీడు ఈల కొడ్తుండు సూడు. మన గల్లీ పోరగాండ్లే నయం."

ఇంకేం, కర్ర తీశాను. వాడు వాలితే అదిలింపు, మళ్లీ వస్తే తరుముడు. నేను వంట చేసేటప్పుడు సావిత్రక్క కాపలా. గుడ్లు పిల్లలయ్యాక వాడు నోట్లో సాలీడు పట్టుకుని మరీ రాసాగాడు. లంచం తెచ్చాడని ఇంకో రెండు దెబ్బలు గాలిలో ఎక్కువ తిప్పాను.

అటు పసుపుపిట్ట పొద్దుటి నుంచీ పురుగుల కోసం తిరిగి తిరిగి అలిసిపోతోంది. గూట్లో రెండు నోళ్లు. రెండో రోజుకి ఒక గొంతు సన్నబడిపోయింది. ఆ పిల్ల పోతే అత్తమ్మకు ఏ మొహం చూపించాలని నాకు అన్నం సయించలేదు. సరిగ్గా అప్పుడే ఆవిడ నెల నిండకుండా దిగింది.

"ఏందే గా కట్టె?"

దొంగ బొగ్గుపిట్ట సంగతంతా చెప్పాను. ఆవిడ శాంతంగా విని అడిగింది.

"మరి దీని మొగడేడి?"

"ఏమో అత్తమ్మా. ఒక్కనాడు గూడ ఇంటిమొఖం చూడలే."

అత్తమ్మ ఎదుటి తీగ వైపు చూసింది. వాడు నోట్లో పురుగుతో నా కర్ర వంకే చూస్తున్నాడు.

"దినమంత ఏం పని చేస్తవే నువ్వు?"

"చీరలు మడతపెడ్త."

"ఒక్క డిజైన్ల ఎన్ని రంగులొస్తయి?"

"ఆరు."

"ఆరు రంగులున్నా డిజైన్ ఒక్కటే అంటివి. గా పిట్టలకు రెండే రంగులు బిడ్డా. గాయినే దీని మొగడు. కట్టె ఇటియ్యి."

కంచే చేను మేసిందంటారు. నా కంచె చేను జోలికి పోలేదు, రైతునే లోపలికి రానివ్వలేదు.

తలుపు మూసి సందులోంచి చూస్తూ కూర్చున్నాం. వాడు రాడే. ఆ గంటసేపు నా ప్రాణం నా దగ్గర లేదు. చివరికి వచ్చాడు. ముందు గుమ్మం వంక చూశాడు, తర్వాత గూట్లో తల దూర్చాడు. సన్నబడ్డ గొంతు ఒక్కసారి పెద్దగా కీచుమంది. అత్తమ్మ అప్పుడు మొదలుపెట్టిన నవ్వు మా ఆయన కార్ఖానా నుంచి వచ్చేదాకా ఆగలేదు. ఆయనకు చెప్పడానికి మళ్లీ మొదటి నుంచి నవ్వింది.

పది రోజులకు పిల్లలు రెండూ ఎగిరాయి. అత్తమ్మ కళ్లారా చూసింది.

మరుసటి ఎండాకాలం ఆ జంట మా తీగను వదిలేసి సావిత్రక్క గుమ్మం ముందు గూడు కట్టింది. నేను చిన్నబుచ్చుకుంటే అత్తమ్మ ఓదార్చింది.

"మన ఇంట్ల ఆడబిడ్డ పోరు ఉన్నదని యాదికొచ్చి ఉంటది."

అందుచేత గుప్పెడు అక్షింతలు, ఒక పసుపుకొమ్ము, మడతపెట్టిన చీరల కట్ట సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను. నోట్లో పురుగు పట్టుకుని వచ్చేవాడు ఏ రంగువాడైనా సరే, వంశం అడగను. తలుపు తీసి పక్కకు జరుగుతాను.