మిగిలిన మేత మీద ఎర్ర ఇంటూ

నేనేం పని చేస్తానో మా వీధిలో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పి, విసుగొచ్చి మానేసి, బందరులో మా ఇంటి ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. కంపెనీలు తమ పనివాళ్ళకు నేర్పాల్సిన సంగతులు చెప్తే, వాటిని ఫోనులో చూసుకునే చిన్న పాఠాలుగా తయారుచేస్తాను. కొన్ని బొమ్మలు, నాలుగు మాటలు, చివర ఐదు ప్రశ్నలు. దీన్ని లెర్నింగ్ డిజైన్ అంటారని చెప్తే పక్కింటి పిన్నిగారు "అంటే ట్యూషన్లా అమ్మాయ్?" అన్నారు. ఔనని ఊరుకున్నాను. వివరించే ఓపిక నాకెప్పుడూ తక్కువే.

గర్వం మాత్రం తక్కువ కాదు. రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ, దివిసీమ చెరువుల మీద పనిచేసేవాళ్ళ కోసం నాతో ఆరు పాఠాలు చేయించింది. వాటిలో ఒకటి చెక్ ట్రే అనే వల పళ్ళెం గురించి. మేత చల్లేటప్పుడు కొంచెం ఆ ట్రేలో వేసి నీళ్ళలోకి దింపుతారు. రెండు గంటలయ్యాక పైకి తీసి చూస్తారు. మేత మిగిలితే రొయ్యలు తినడం తగ్గించాయని అర్థం, తర్వాతి పూట తగ్గించి వెయ్యాలి. లేకపోతే మిగిలింది అడుగున కుళ్ళి నీరు పాడవుతుంది. నేను చెరువు గట్టు ఎక్కకుండానే, కంపెనీ పంపిన వీడియోలు చూసి, ఫ్యాను కింద కూర్చుని ఆ పాఠం చేశాను. చూసినవాళ్ళందరికీ ఐదుకి ఐదు మార్కులొచ్చాయి. ఆ రిపోర్టు మా ఆయనకి రెండుసార్లు చూపించాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆ కంపెనీలో శిక్షణ చూసే ఆయన ఫోన్ చేశాడు. "నాగాయలంక వైపు ఒక రైతు చెరువు దెబ్బతింది మేడం. గట్టు మీద కాపురముండి పనిచేసే ఆవిడ మన పరీక్షలో ఐదుకి ఐదు తెచ్చుకుంది. అయినా మేత తగ్గించకుండా వేస్తూనే ఉంది. ఆ మొగుడూ పెళ్ళాలిద్దర్నీ పంపించేస్తానంటున్నాడాయన. మీరొకసారి చూసొచ్చి, పాఠంలో లోపమేం లేదని రాసిచ్చేయండి చాలు."

నేను రాసివ్వడానికే వెళ్ళాను. అవనిగడ్డ దాటేసరికి ఆ నోట్‌లో మొదటి రెండు వాక్యాలు బస్సులోనే ఆలోచించి పెట్టుకున్నాను కూడా.

ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. పాడైన చెరువు పక్కనే ఇంకోటి బాగానే ఉంది, ఆవిడ దాని గట్టు మీద ఉంది. మొగుడు మోటారు బాగుచేయించడానికి ఊళ్ళోకి వెళ్ళాడట. నేనడిగిన ప్రతిదానికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. మేత మిగిలితే ఏం చెయ్యాలి? "తగ్గించి వెయ్యాలండి." ఎందుకు? "నీళ్ళు పాడైపోతాయండి." ఇంత తెలిసీ ఇలా చేసిందంటే ఒట్టి నిర్లక్ష్యమే అనుకున్నాను. నాకు కోపం కూడా వచ్చింది.

ఇంతలో దూరంగా మోటారు సైకిల్ చప్పుడైంది. రైతు వస్తున్నాడు. ఆవిడ గబగబా వెళ్ళి ట్రే పైకి లాగింది. అందులో చారెడు మేత మిగిలే ఉంది. ఆవిడ దాన్ని అరచేత్తో ఊడ్చి నీళ్ళలోకి వదిలేసి, ట్రే రెండుసార్లు జాడించి, శుభ్రంగా గట్టు మీద పెట్టింది.

"అదేంటమ్మా, అలా కడిగేశారు?" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "మిగిలిందంటే తిడతారండి. 'ఇంత ఖరీదు మేత నేలపాలు చేస్తున్నావా' అంటారు. తగ్గించి వేస్తే మిగిలిందని తెలిసిపోతుందని ఎప్పటంతే వేస్తున్నానండి. మీ పాఠంలోనూ అదే ఉంది కదండీ, మిగిలితే తప్పని."

"అలా ఎక్కడుంది?"

కొంగుకి చెయ్యి తుడుచుకుని ఫోను తీసి చూపించింది. ఖాళీ ట్రే పక్కన పచ్చ టిక్కు, నవ్వుతున్న మనిషి. మేత మిగిలిన ట్రే మీద ఎర్ర ఇంటూ, తల దించుకున్న మనిషి. గీయించింది నేనే. నాకు తల కొట్టేసినట్టయింది.

కంచంలో మెతుకు వదిలితే మా అమ్మ లేవనిచ్చేది కాదు. విస్తట్లో మిగిల్చిన చుట్టాన్ని గురించి మూడు రోజులు చెప్పుకునేవాళ్ళం. ఆ ఎర్ర ఇంటూ నా చేత పెట్టించింది ఆ పెంపకమే. ఈవిడదీ అదే పెంపకం, రైతుదీ అదే. పైన నాలుగు మాటల్లో తగ్గించమని రాశాను, కింద బొమ్మలో సిగ్గుపడమని నేర్పాను. ఆవిడ రెండూ నేర్చుకుంది.

రైతు బండి దిగాడు. అరవై దాటిన మనిషి. చెప్పక తప్పదు గనక చెప్పేశాను. "బాబాయి గారూ, తప్పు నా పాఠంలో ఉందండి. మేత మిగలడం తప్పు కాదు, అది మనకి అందాల్సిన కబురు. ఆ కబురు దాచమని నేనే నేర్పాను. మీరు తిడతారన్న భయం దానికి తోడైంది."

"నీదంటావ్, నాదంటావ్. పోయింది నా చెరువు కదమ్మా!" అన్నాడాయన. గట్టు మీది ట్రే వైపు చూసి, "ఇప్పుడు మేత వేసే వేళే. వేయిస్తా. రెండు గంటలయ్యాక కడక్కుండా తెమ్మందాం, చూద్దాం" అన్నాడు.

ఆ రెండు గంటలూ వాళ్ళుండే మకాం పాక నీడలో కూర్చున్నాను. కంపెనీ ఆయనకి ఫోన్ చేసి, మీరడిగిన నోట్ ఇవ్వలేనని చెప్పాను. "ఆలోచించుకోండి మేడం, మీ పేరే పోతుంది" అన్నాడు. భయం వేసింది. ఆ కంపెనీ పని పోతే నాకు చేతిలో ఇంకోటి లేదు. ఐదుకి ఐదు చూసి మురిసిపోయిన ఇన్నేళ్ళలో, తప్పు జరిగినప్పుడు ఎవరు ఎవరికి భయపడతారని నేను ఒక్కచోటైనా అడగలేదు. కాలేజీలోనూ అంతే, అర్థం కానివాళ్ళు తలూపేవారు, నేను ముందుకెళ్ళిపోయేదాన్ని.

వేళయ్యాక ఆవిడ ట్రే తీసుకొచ్చింది. ఈసారీ మేత మిగిలింది. ఆ ట్రేని రెండు చేతులతో పట్టుకుని రైతు ముందు నిలబడింది. ఆయన నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. మళ్ళీ ట్రేలోకి చూశాడు.

"వచ్చే పూట సగమే వెయ్యి" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. ఆ మాట వినపడలేదో, నమ్మలేదో. "మరి మమ్మల్ని ఎప్పుడు వెళ్ళమంటారండి?" అంది.

"ఎక్కడికి వెళ్తావ్? సగం మేత తూచి పక్కన పెట్టు, పో" అన్నాడాయన.