గొర్రెతోలులో చుట్టిన ఐస్‌క్రీం

కొచ్‌కోర్ లోయలోని మా ఊరి పాలకేంద్రంలో బురుల్చా ఇరవై ఆరేళ్ళు పాలు పరీక్షించింది. చిన్నా పెద్దా అందరం ఆమెను ‘ఎజే’ అనేవాళ్ళం, అక్కా అని. పాలలో నీళ్ళు కలిపినవాళ్ళు ఆమె ముందు తలెత్తేవారు కాదు. పెళ్ళి చేసుకోలేదు. కోటు జేబులో ఎప్పుడూ థర్మామీటరు ఉండేది. పిల్లలం ఆమె కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేవాళ్ళం.

ఓ ఏడు మార్చిలో బడిగదులు వెచ్చబెట్టే పొయ్యి పాడై మూడురోజులు సెలవిచ్చారు. బయట తడి మంచు. తొమ్మిదిమందిమి పాలకేంద్రం ముందు చేరి గోల చేస్తుంటే ఎజే బయటికొచ్చింది. తిడుతుందనుకున్నాం.

“ఐస్‌క్రీం ఎవరికి కావాలి?” అంది.

పాలు, మీగడ, చక్కెర, కోరిందపండ్ల జామ్ ఒక డబ్బాలో కలిపి మూత బిగించి మా చేతికిచ్చింది. “గడ్డకట్టించండి. ఎలాగన్నది మీ ఇష్టం.”

మంచులో పాతిపెట్టి గంటసేపు దాని చుట్టూ గెంతాం. మా చెల్లెలు ఐజిరెక్ మూత తీసి చూసింది. “ఇవి ఇంకా పాలే, ఎజే.”

“ఎందుకంటావు?”

“మంచుకి బద్ధకంగా ఉంది.”

ఎజే నవ్వింది. ఆమె పళ్ళు చూడటం మాకదే మొదటిసారి. మంచులో థర్మామీటరు గుచ్చి చూపించింది. సున్నా. “చక్కెర కలిసిన పాలకి ఈ చలి ఆనదు. పోయి అసన్‌గాజీ తాత దగ్గర ఉప్పుగడ్డ అడిగి పట్రండి.”

గొర్రెలు నాకే ఉప్పుగడ్డతో పాటు తాత కూడా వచ్చేశాడు. ఆయన్ను అందరూ ‘అతా’ అనేవాళ్ళు, తాతా అని. “ఉప్పేస్తే మంచు కరుగుద్ది గదే పిల్లా, మతి పోయిందా నీకు?”

“కరగాలనే, అతా. కరగడానికి దానికి వేడి కావాలి. ఆ వేడి పాలలోంచి గుంజుకుంటుంది,” అంది ఎజే.

సుత్తితో ఉప్పు నలగ్గొట్టి మంచులో కలిపాం. థర్మామీటరులో అంకె దిగసాగింది. మైనస్ ఐదు. తొమ్మిది. పద్నాలుగు. ఒక్కో అంకెకూ ఒక్కో కేక పెట్టాం.

చిన్న డబ్బాను పెద్ద పాలక్యానులో దించి, చుట్టూ ఉప్పు మంచు కూరి, మూత బిగించి, గొర్రెతోలులో చుట్టింది ఎజే. “ఇక కదుపుతూనే ఉండాలి. ఆపితే మంచుపలుకులు పెద్దవై పళ్ళకింద ఇసకలా తగులుతాయి.”

“తోలు కప్పితే వెచ్చబడదూ?” అన్నాడు తాత.

“లోపలున్నది నువ్వో మంచో తోలుకేం తెలుసు, అతా? బయటి వేడిని రానివ్వదు, అంతే,” అంది ఐజిరెక్. తాత టోపీ సర్దుకున్నాడు.

తోలు చుట్టిన ఆ మూట అచ్చం ఉలాక్ ఆటలో గుర్రాలమీద లాక్కునే మేక కళేబరంలా ఉంది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మరుక్షణం గాడిదల కోసం ఇళ్ళకు పరుగెత్తాం.

అలాంటి ఆట మా ఊరు చూడలేదు. ఐదుగురు అటు, నలుగురు ఇటు. క్యాను ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి దొర్లుతోంది. ఓ గాడిద బురదలో కూర్చుని లేవనంది. “ఊపండి, ఆపకండి,” అంటూ ఎజే గట్టుమీద పరుగెడుతోంది. ఇంతలో తాత గుర్రమెక్కి వచ్చి, వంగి, మా చేతుల్లోంచి మూట లాక్కుని మైదానం చుట్టూ మూడు చుట్లు తిప్పాడు.

“ఇది అన్యాయం, అతా. నీది గుర్రం.”

“నా డెబ్భై రెండేళ్ళు మీరు తీసుకోండి, గాడిద నేను తీసుకుంటా.”

నవ్వలేక కడుపులు పట్టుకుని కిందపడ్డాం.

అంచుల ఉప్పునీళ్ళు తుడిచి ఎజే మూత తీసింది. లోపల లేతగులాబీ రంగు ముద్ద, చెంచా గుచ్చితే నిలబడింది. ఐజిరెక్ మొదటి ముద్ద మింగి నుదురు పట్టుకుంది, నుదురు వదలకుండానే రెండోది అడిగింది. ఎజే మూతకంటినదంతా నాకేసింది. ముక్కుమీద జామ్ అంటింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత హెడ్మాస్టరు కబురు పెడితే వారానికోరోజు బడికొచ్చి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళు చెప్పింది.

కానీ ఐస్‌క్రీం తిన్న మర్నాటి పొద్దున్నే ఆమె వాకిట్లో ఊరివాళ్ళు తెచ్చిపెట్టిన పదకొండు డబ్బాలున్నాయి. ఊళ్ళో గొర్రెలకు నాకడానికి ఉప్పు మిగల్లేదు. అసన్‌గాజీ తాత అప్పటికే గుర్రమెక్కి గుమ్మం ముందుకొచ్చి, “ఇవాళ ఆప్రికాట్ జామ్ వెయ్యి, పిల్లా,” అంటున్నాడు.