నవమినాడు కదలని సైకిలు

ఇప్పటి సైకిళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాయి. తొక్కేవాడు నడుం వంచి, రోడ్డు మీద ఏదో పారేసుకున్నట్టు పోతుంటాడు. ఇంగ్లండులో తయారైన నా సీమ సైకిలు అలాంటిది కాదు. దొరల కాలంలో నేను కంభం చుట్టుపక్కల ఊళ్లకు తిరిగి బట్టలు అమ్మేవాణ్ని. నాయన మిగిల్చిపోయిన ఎద్దుల్ని అమ్మి, మద్రాసు నుంచి రైల్లో తెప్పించాను దాన్ని. కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని తొక్కడమే. గొలుసు మొత్తం రేకు డబ్బాలో దాగి ఉండేది. నా పంచెకు గానీ వెనక కట్టిన చీరల మూటకు గానీ ఒక్కనాడూ నల్లమరక అంటలేదు. బ్రేకులకు ఇనుప కడ్డీలు. ఎంత గుంతల బాటైనా బరువుగా, నిదానంగా దాటేది.

దాని మీద నాకంటే అమ్మకే ఎక్కువ మోజు. మోకాళ్ల నొప్పులతో వీధి చివరిదాకా నడవలేని మనిషి. వెనక క్యారేజీ మీద దుప్పటి మడిచి వేస్తే, పక్కవాటుగా కూర్చుని బేస్తవారిపేటలో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి ఆరేడు మైళ్లు హాయిగా వచ్చేది. వీధి మలుపులో నేను బెల్లు కొట్టగానే పెద్దమ్మ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడేది. పుట్టింటివాళ్లంటూ ఆ అక్కచెల్లెళ్లకు ఒకరికొకరే మిగిలారు.

ఆ ఏడు మహర్నవమికి సైకిలును కడిగి, తుడిచి, నట్టింట్లో నిలబెట్టాను. అమ్మే హ్యాండిలుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. పూజ చేసిన పనిముట్టును దశమి పొద్దున హారతి ఇచ్చేదాకా కదిలించకూడదని మా పట్టింపు. ఊళ్లో ఎద్దులబండ్లు, మోటారు బస్సు, అన్నీ ఆ పూట దండలేసుకుని నిలబడ్డాయి.

మధ్యాహ్నం విస్తళ్లు వేస్తుండగా పెద్దమ్మ కొడుకు, మా అన్న, నడుచుకుంటూ వచ్చాడు.

"పిన్నమ్మా, అమ్మకు బాగలేదు. నిన్నే కలవరిస్తా ఉంది."

అమ్మ గరిటె పక్కన పెట్టి నా వైపు చూసింది.

"పోదాం పా నాయనా."

"పూజలో ఉన్న బండిని ఎట్ల కదిలిచ్చేదమ్మా? పొద్దున్నే హారతిచ్చి పోదాం."

"బొట్టు పెట్టింది నేనే గదా. నేనే తుడుస్తా."

"వద్దమ్మా. దానికేమన్నా అయితే మన గతేంది?"

అమ్మ మళ్లీ గరిటె అందుకుంది. అన్న నీళ్లు తాగి, వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయాడు.

నా నోరు పడిపోను. దేవుడికి భయపడి ఆగానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అబద్ధం. నా భయమంతా బండి గురించే.

దశమి తెల్లవారగానే హారతి ఇచ్చి, దండ కూడా తీయకుండా అమ్మను ఎక్కించుకుని తొక్కాను. సైకిలు ఎక్కడా మొరాయించలేదు. మలుపులో అలవాటు కొద్దీ బెల్లు కొట్టాను. పెద్దమ్మ వాకిట్లోనే ఉంది. పడుకోబెట్టి, తలదగ్గర దీపం పెట్టారు.

"తెల్లారుజామున పోయింది," అన్నాడు అన్న. "నిన్న సాయంత్రం ఏ ఇంట్లో పూజగంట మోగినా, మీ బెల్లనుకోని వచ్చినారా అని అడిగింది."

మూడోనాడు తిరుగు ప్రయాణంలో క్యారేజీ మీద దుప్పటి మడిచి వేశాను. అమ్మ దాన్ని తీసి చంకలో పెట్టుకుంది.

"నడుస్తా," అంది.

"మోకాళ్లు నొస్తాయమ్మా."

వినలేదు. ఆమె ముందు, ఖాళీ సైకిలును నెట్టుకుంటూ నేను వెనక. నడవలేక ఒక మైలురాయి మీద కూర్చున్నప్పుడు, అమ్మ హ్యాండిలుకు వాడిపోయి వేలాడుతున్న దండను తీసేసి, చక్రాల దాకా ఒకసారి చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"బండికేం కాలేదు గదా నాయనా?"

"ఏం కాలేదమ్మా," అన్నాను.