మేనత్త వచ్చాకే కేక్

నాకు ముక్కు మీదే కోపం. మరదలి సీమంతంలో మాటా మాటా పెరిగి, అప్పటినుంచీ తమ్ముడికీ నాకూ మాటల్లేవు. అమెరికాలో వాడుండేది కూడా నేనుండే ఇర్వింగ్‌లోనే. పాప పుట్టి ఏడాది కావస్తున్నా నేను ఎత్తుకోలేదు. అమ్మ ఫోటోలు పంపితే చూసుకుని ఏడ్చేదాన్ని. మొదటి పుట్టినరోజుకి వాడు వాట్సాప్ గ్రూప్‌లో ఊరందరితో పాటు నాకూ ఒక ఇన్విటేషన్ పడేశాడు. సొంత అక్కకి ఫోన్ చేసి పిలవలేడా? పిలవని పేరంటానికి పోయేది లేదని భీష్మించుకుని కూర్చున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో కింద ఒక టోంగా ఆవిడ ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, నాకంటే బాగా పెద్దది. పసిఫిక్ మధ్యలో చిన్న చిన్న దీవుల దేశం వాళ్లది. మ్యాప్ మీద వేలు పెడితే దేశమంతా వేలి కిందే పోతుంది. చుట్టుపక్కల దీవులన్నీ తెల్లవాళ్లు పంచుకున్నా తమ రాజు మాత్రం గద్దె దిగలేదని చెప్పేటప్పుడు ఆవిడ మెడ కాస్త నిటారవుతుంది. వాళ్లు చామాకుల్లో మాంసం పెట్టి, కొబ్బరిపాలు పోసి, మూటకట్టి ఉడికిస్తారు. నేను చామదుంపల వేపుడు చేశానంటే గిన్నె పట్టుకుని పైకి వచ్చేస్తుంది.

పుట్టినరోజు నాడూ అలాగే వచ్చింది. ఇంట్లో ఎందుకున్నావంటే నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఓదారుస్తుందనుకుంటే నా మీదే మండిపడింది. వాళ్ల దేశంలో మేనత్తది తండ్రి కంటే పెద్ద స్థానమట. విందులో మంచి చోటు ఆవిడదేనట. మనవాళ్లు ఆడపడుచు అర్ధమొగుడని ఎగతాళి చేస్తారు గానీ, వీళ్లు దాన్ని చట్టం చేసుకున్నట్టున్నారు.

"నిన్ను పిలవడమేంటి? నువ్వు లేకుండా వాళ్లు మొదలుపెట్టడమేంటి?" అంది.

కిందికి వెళ్లి, మంచి గౌను వేసుకుని, దాని మీద నడుముకి అల్లిన చాప చుట్టుకుని వచ్చింది. పెద్దల ముందుకి వెళ్లేటప్పుడు అలా కట్టుకోవడం వాళ్ల మర్యాద. నేను గొణుక్కుంటూనే పట్టుచీర కట్టి ఆవిడ ట్రక్ ఎక్కాను.

మేం హాల్లోకి వెళ్లేసరికి తమ్ముడు ఒక చేత్తో పాపని ఎత్తుకుని, రెండో చేత్తో కత్తి పట్టుకుని ఉన్నాడు. ఆవిడ జనాన్ని తోసుకుంటూ వెళ్లి కేక్‌కి అడ్డంగా చెయ్యి పెట్టి, పాప తండ్రెవరని అడిగింది. వాడు బడిపిల్లాడిలా కత్తి ఉన్న చెయ్యే ఎత్తాడు.

"మీ అక్క వచ్చింది. కోయొచ్చో లేదో ఆవిడని అడుగు."

సిగ్గుతో చచ్చిపోయాను. వాడొక్క పెడసరం మాటన్నా వెనక్కి తిరిగి వెళ్లిపోదామని గుమ్మం వైపు చూసుకుంటున్నాను. మరదలు వాడి మోచేతిని మెల్లగా పొడిచింది. వాడు నావైపు చూశాడు.

"కట్ చేయమంటావా, అక్కా?"

"ముందు పాపనిటివ్వు."

ఇచ్చాడు. పిల్ల ఇంత బరువుంటుందని నేననుకోలేదు.