నూకరత్నం నాటకం విశాఖపట్నం చేరిన రోజు

అనకాపల్లి చుట్టుపక్కల కంట్రాక్టు నాటకాలు జోరుగా ఆడే రోజుల్లో నూకరత్నం రాణి వేషాలకు పేరుపడిన మనిషి. పన్నెండో ఏట తల్లి తవిటమ్మ వెంట స్టేజీ ఎక్కింది. ఆమె పద్యం అందుకుంటే మైకు అక్కర్లేదనేవారు. తెర లేవకముందు ఆమె పడే యాతన మాత్రం జనానికి తెలియదు. నాటకం ఉన్న రోజు పొద్దుటి నుంచీ అన్నం సయించేది కాదు. అరచేతులు చల్లబడి, చూపు ఎక్కడా నిలిచేది కాదు. ఇరవయ్యేళ్లు ఆడినా ఆ బెంగ ఒక్క పూట తగ్గలేదు.

1968 చలికాలంలో ఆమె కంపెనీ అరకు వచ్చింది. కొత్తగా పడిన రైలుమార్గం మీద పనిచేసే ఉద్యోగుల కోసం మూడు నాటకాలు ఒప్పుకున్నారు. రెండోది ఆడుతుండగానే నూకరత్నానికి చలిజ్వరం పట్టుకుంది. మేనేజరు ఒక రోజు చూసి, కోలుకున్నాక వచ్చి కలవమని చెప్పి, సామాను సర్దించుకుని కొండ దిగిపోయాడు. గూడ్సుబండి గార్డు పైడయ్య ఆమెను తన క్వార్టరుకు తీసుకుపోయాడు. అతని భార్య సోములమ్మ మూడు వారాలు గంజి కాచి పోసి, దుప్పట్లు కప్పి, మనిషిని నిలబెట్టింది. తీరా లేచి కూర్చునేసరికి కంపెనీ చీలిపోయిందని ఉత్తరం వచ్చింది. అప్పటికి తవిటమ్మ పోయి ఏడాది. నూకరత్నం వయసు ముప్పై మూడు. ఇంకో కంపెనీలో చేరదామన్నా నాటకాలు ఆడిన పాకలన్నీ ఒక్కొక్కటిగా సినిమా హాళ్లయిపోతున్నాయి. సోములమ్మ చూపించిన జాగాలో, స్టేషను ఎదురుగా, నూకరత్నం టీ దుకాణం పెట్టుకుంది.

అక్కడితో నాటకాలు సరి అనుకుంది. కానీ రెండేళ్లకు ఉద్యోగుల క్లబ్బువాళ్లు ఒక నాటిక వేస్తూ, ఆడవేషానికి మనిషి లేక ఆమెను పిలిచారు. పిలిచినవాడు బుకింగ్ క్లర్కు వరహాలరావు. రాయడమూ ఆడడమూ రెండూ వచ్చినవాడు. రిహార్సలుకు వెళ్లిన నూకరత్నం మొదటి రోజు ఊరుకుంది. రెండో రోజు, చనిపోయిన కొడుకు గురించి మాట్లాడుతూ జనంవైపు తిరిగి చేతులూపుతున్నవాణ్ణి పట్టుకుని గోడవైపు తిప్పింది. మూడో రోజుకి అందరూ ఆమె వైపే చూసి మాట్లాడుతున్నారు. డైరెక్టరు అన్న మాట ఆమె తన గురించి ఎన్నడూ అనుకోలేదు. అనుకోకుండానే ఆ పని మీద పడింది. దానితో పాత బెంగ పోలేదు సరికదా, ఇదివరకు ఒక్క వేషానికి పడేది ఇప్పుడు అయిదారు వేషాలకు పడవలసి వచ్చింది.

కనక ఆమెకు టీ దుకాణంలోనే దొరికింది. కాఫీ నర్సరీలో సంచుల్లో మట్టి నింపే పిల్ల, పద్దెనిమిదేళ్లుంటాయి. తోటలో కాపలా కాసే గాసి ఆమెకు మేనమామ. ఒక మధ్యాహ్నం కనక తన జట్టు ఆడవాళ్లకు టిక్కెట్ల తనిఖీ ఉద్యోగి ఎలా నడుస్తాడో నడిచి చూపిస్తోంది. ఒక్క మాట లేదు. చంకలో లేని పుస్తకం, ముక్కు మీద లేని కళ్లజోడు. నూకరత్నం పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

ఆ పిల్లను దృష్టిలో పెట్టుకుని ఒక కథ చెప్తే వరహాలరావు నాటికగా రాశాడు. ఘాటురోడ్డు పనికి వెళ్లి తిరిగిరాని మొగుణ్ణి వెతుక్కుంటూ కొండమనిషి ఒకామె కంట్రాక్టరు ఆఫీసుకు వస్తుంది. గుమాస్తా కాగితం చూపించమంటాడు. ఆమె మనిషిని చూపించమంటుంది. అంతే కథ. కొండమనిషిగా కనక, గుమాస్తాగా వరహాలరావు, బంట్రోతుగా గాసి. 1976లో ఆ నాటికను విశాఖపట్నంలో జరిగే పోటీలకు పంపిస్తే, ఆడటానికి రమ్మని కార్డు వచ్చింది.

కార్డు వచ్చిన రోజు నుంచి నూకరత్నానికి నిద్ర లేదు. కనకకు తెలుగు వచ్చు, కానీ ఇంట్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒరియా. తెలుగులో ఒత్తులు జారిపోతాయి. పట్నంలో హాలు నిండా చదువుకున్నవాళ్లు కూర్చుంటారు. వెనక వరసలో ఒక్కడు నవ్వితే చాలు, ఆ నవ్వు ముందు వరసకు వచ్చేస్తుంది. అలా నవ్వించుకున్న ఆడవాళ్లు మళ్లీ స్టేజీ ఎక్కకపోవడం ఆమె కళ్లారా చూసింది. నెల రోజులు ఆ పిల్ల చేత ప్రతి మాటా వందసార్లు పలికించింది. కనక విసుక్కోకుండా పలికేది. పలికేకొద్దీ మొహంలో ఉన్నదేదో ఆరిపోతున్నట్టు నూకరత్నానికి అనుమానం. పైకి అనడానికి ధైర్యం చాలలేదు.

వరహాలరావు పేర్లు నమోదు చేయించడానికి రెండు రోజులు ముందే దిగాడు. మిగిలిన ముగ్గురూ ముందురోజు పాసింజరుకు బయల్దేరాలి. ఆ ఉదయం నుంచే అక్టోబరు వాన పట్టింది. మధ్యాహ్నానికి కింద సొరంగం దగ్గర బండరాళ్లు జారి పట్టాల మీద పడ్డాయి. ఘాటురోడ్డు కూడా తెగింది. స్టేషనులో మూటలు పెట్టుకుని చీకటిపడేదాకా కూర్చుని వెనక్కి వచ్చారు.

తెల్లవారేసరికి దారి బాగయింది. కానీ పాసింజరు రద్దు. విశాఖ రేవులో ఓడ కాచుకుని ఉందని ఇనుప ఖనిజం మోసే రాయిబళ్లు ముందు వదులుతున్నారు. నాటిక సాయంత్రం ఆరున్నరకు. నూకరత్నం ప్లాట్‌ఫారం మీద ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తోంది. పది గంటలకు వచ్చిన రాయిబండికి డ్యూటీ ఎక్కవలసిన గార్డు పైడయ్యే. నూకరత్నాన్ని అక్కవరసలో పిలిచే అతను దగ్గరకు వచ్చి, ఎటో చూస్తూ గొంతు తగ్గించి చెప్పాడు.

"అప్పా, నా గార్డు పెట్టెలో ఎక్కీండి. మరో దారి నేదు."

"నీ ఉద్యోగం మాటేటి?"

"బేగి ఎక్కండి. జెండా ఊపాల."

ఎక్కారు. గార్డు పెట్టెలో కూర్చునే చోటు ఒక్కరికే. ముగ్గురూ నేల మీద చతికిలబడి, ఏదైనా స్టేషను వచ్చిందంటే తలలు వంచుకునేవారు. రాళ్లు పడిన చోట బండి నడిచే మనిషి కంటే మెల్లగా వెళ్లింది. పక్కన లోయలో వాననీళ్ల చప్పుడు. సొరంగంలో దూరిన ప్రతిసారీ నూకరత్నం కనక మణికట్టు పట్టుకునేది. బయటికి వచ్చాక చూస్తే అందరి మొహాల మీదా ఎర్రటి దుమ్ము. ఒక స్టేషనులో సిగ్నలు ఇవ్వక గంటన్నర ఆపేశారు. స్టేషను మాస్టరు గార్డుతో మాట్లాడటానికి వచ్చాడు. వచ్చి, లోపలికి తొంగిచూశాడు. చేతిలో పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. పైడయ్య మొహం పాలిపోవడం నూకరత్నం చూసింది. దిగిపోతామంది. అతను తల అడ్డంగా ఊపి జెండా అందుకున్నాడు.

ఊరి బయట యార్డు దగ్గర బండి ఆగినప్పుడు దిగి, బురదలో పరుగెత్తి, రెండు రిక్షాలు మాట్లాడుకుని హాలు చేరేసరికి ఆరూ ఇరవై. గుమ్మంలో వరహాలరావు కళ్లనీళ్ల పర్యంతమై నిలబడి ఉన్నాడు. రంగు వేసుకోవడానికి వ్యవధి లేదు. దుమ్ము మొహాలతోనే తెర లేచింది.

మొదటి పది నిమిషాలూ నూకరత్నం పక్కతెర వెనక మాట అందించే పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. గాసి బాగా చేశాడు. కనక లోపలికి వచ్చింది. నేర్పిన మాటలు నేర్పినట్టే చెప్తోంది, ఒత్తులతో సహా. హాలులో దగ్గులు వినబడుతున్నాయి. ఆ దగ్గులేమిటో నూకరత్నానికి తెలుసు. అంతలో గుమాస్తా కాగితం అడిగాడు. అక్కడ కనక తెలుగులో చెప్పవలసిన మాట ఒకటుంది. చెప్పలేదు. ఒక్క క్షణం అతని వైపే చూసి, తన ఇంటి భాషలో మొదలుపెట్టింది. గట్టిగా కాదు. పక్కింటామెతో చెప్పుకున్నట్టు. తన మొగుడు ఎంత పొడుగు ఉంటాడో చేత్తో చూపించింది. వరహాలరావుకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. దగ్గులు ఆగిపోయాయి.

అయిపోయింది అనుకుంది నూకరత్నం. మాట అందిద్దామంటే పుస్తకంలో అలాంటిదేదీ లేదు. ఎనిమిదేళ్లుగా సంతల్లో, దుకాణంలో ఆ భాష విని విని ఆమెకు అర్థమవుతుంది. పుస్తకం కింద పెట్టి, కొంగు బిగించి, స్టేజీ మీదకు నడిచింది. గుమ్మంలో కూర్చున్న టీ అమ్మేదానిలా చతికిలబడి, గుమాస్తాకు తెలుగులో చెప్పింది. "బాబూ, ఎడమ సెయ్యి మీద కాలిన మచ్చ ఉంటాదంట. సూసేవా?" కనక ఇంకో మాట అంది. నూకరత్నం దాన్నీ చెప్పింది. అలా నాటిక చివరిదాకా నడిచింది. తెర పడింది. తరువాత చప్పట్లు వచ్చాయి, ఆగకుండా.

బహుమతి రాలేదు. పంపిన ప్రతిలో లేని మాటలు పలికారని, పేరు రాయించని మనిషి స్టేజీ ఎక్కిందని పోటీ నుంచి తప్పించారు. నూకరత్నానికి ఆ బాధ కంటే మరొకటి అంతుపట్టలేదు. అంతలా నేర్పించిన మాట ఎందుకు చెప్పలేదని కనకను నెమ్మదిగా అడిగింది. కనక కొంచెం ఆలోచించింది.

"ఆ మనిషి తెలుగుల అడగదు గదమ్మా. మొగుడు పోయినాడంటే ఎవరైనా ఇంటి మాటే మాట్లాడతారు."

ఆ రాత్రి సత్రంలో ఆలోచిస్తే నూకరత్నానికి, తాను ఇన్నాళ్లు రాణిగా పలికిన మాటల్లో ఒక్కటైనా తన ఇంటి మాట ఉందా అని అనిపించింది.

పైడయ్య మీద కాగితం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. గార్డు పని తప్పించి ఆరు నెలలు యార్డులో వేశారు. నూకరత్నం సోములమ్మ మొహం చూడలేక నూతి దగ్గరకు వెళ్లడం మానుకుంది. సోములమ్మే ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఎందుకప్పా దాక్కుంతన్నావు? జెండా ఆయన సేతిలోనే ఉంది గదా. ఆపదలిస్తే ఆపీవోడు," అంది. టీ తాగింది, వెళ్లింది.

క్లబ్బు ఆ తరువాత బయటివాళ్లను తీసుకోలేదు. నూకరత్నం కనకనూ గాసినీ వెంటబెట్టుకుని సంతల్లో పగటిపూట ఆడటం మొదలుపెట్టింది. అరకులో, హుకుంపేటలో, ఆపైన ఎక్కడ పిలిస్తే అక్కడ. ఒకరు ఇంటి భాషలో అంటే ఇంకొకరు తెలుగులో అందుకునేవారు. మొదటి రెండేళ్లు పోలీసులు వచ్చి, ఈ మూక ఎందుకు చేరుతోందని అడిగేవారు. ప్రతిసారీ ఆమె వణుకుతూనే జవాబు చెప్పింది, ప్రతిసారీ ఆట ఆడించింది. కొత్త ఆడవాళ్లు నలుగురు చేరారు. 1980 దాటేసరికి నాటకాలు కట్టే పని మెల్లగా కనక చేతికి వచ్చేసింది.

1984 వేసవిలో హుకుంపేట సంతలో ఆటకు ముందు కనక వచ్చి, నూకరత్నాన్ని పక్కతెర వెనక నుంచి వెళ్లమంది. "నీ పెదాలు కదుల్తుంటే నాను అవే సూస్తన్నానమ్మా. ఈ పూట ముందుకెళ్లి కూకో."

నలభయ్యేళ్లకు దగ్గరపడుతున్న నాటక జీవితంలో నూకరత్నం జనంలో కూర్చుని నాటకం చూసింది లేదు. పిప్పళ్ల బుట్ట పక్కన పెట్టుకున్న ఒక ముసలామె జరిగి చోటిచ్చింది. ఆట మొదలైంది. కాసేపటికి కనక ఎవరూ రాయని మాట ఒకటి అంది. నూకరత్నం ఉలిక్కిపడి లేవబోయింది. ముసలామె ఆమె కొంగు పట్టి కిందికి లాగింది, వెనకవాళ్లకు కనబడదని. కూర్చుంది. తరువాత ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. మెడ చాపి, అందరితో పాటు చూసింది.