కుందేలుకి కుట్టిన జీన్సు కోటు

కుట్టుమిషనావిడ దగ్గరికి ఎవరు ఏ బట్ట తెచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. "పైకి అందరూ బాగానే ఉంటారమ్మా, లోపల చూస్తేగా తెలిసేది" అంటుంది. మనుషుల్ని చూసేదీ అలాగే. పాలు పలచబడితే పాలవాడి వంక చూస్తుంది, గేటు చప్పుడైతే కిటికీ వంక చూస్తుంది. పెళ్లయి పాతికేళ్లయినా, మొగుడు ఊరికే రెండుసార్లు నవ్వితే "ఏం చేసొచ్చారు?" అని అడుగుతుంది.

ఆయన బస్సు కండక్టరు. "నీ అనుమానంలో సగం నాకుంటే మా బస్సులో టికెట్టు లేకుండా ఈగ కూడా ఎక్కదు" అంటాడు.

ఆవిడ అనుమానించని ప్రాణులు లోకంలో రెండే. వెనక వరండాలో ఇనప వల గూట్లో ఉండే కుందేళ్లు, నల్లోడూ మచ్చలోడూ. ఒక తల్లి పిల్లలు. బట్టలు కుట్టించుకునే ఒకావిడ ఇల్లు మారుతూ, రెండూ కలిపి ఒక అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు ఇచ్చి వెళ్లింది. ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు పెరిగాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ రెండు చేతులకీ బరువు.

అలాంటి ఇంట్లో ఆడపడుచు దిగింది. కండక్టరుకి అక్క. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. పెళ్లీ పేరంటం అనుకోలేదు. హాస్టలు మూసేశారు, దాంతో ఆవిడ ఉన్న గదీ పోయింది. "మా ఇల్లు లేదా అక్కా" అని తమ్ముడు రెండు పెట్టెలతో సహా తీసుకొచ్చాడు. ఎన్నాళ్లుంటారని కుట్టుమిషనావిడ అడగలేదు. పెట్టెల సైజు చూసింది, అర్థమైంది.

వచ్చిన మూడోరోజే భోజనం దగ్గర మొదలైంది.

"అమ్మాయ్, అన్నంలో వెంట్రుక."

"నల్లదా తెల్లదా వదినా?"

"తెల్లది."

"నల్లోడిది కాదు. మచ్చలోడు వంటింట్లోకి రాడు. మీదే అయ్యుంటుంది."

కండక్టరు మంచినీళ్ల గ్లాసులో మొహం దాచుకున్నాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం కుట్టుమిషనావిడ కుట్టిన జాకెట్లు కొట్లో ఇచ్చేసి వచ్చేసరికి మచ్చలోడు గూట్లో ఓ మూల ముడుచుకుని ఉన్నాడు. వీపు మీద రెండంగుళాల గాయం. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా చూసింది. బట్ట చిరిగితే అంచు పీచులు లేస్తుంది, కోస్తే గీత గీసినట్టుంటుంది. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి కన్ను అది. ఆ గాయం అంచు తిన్నగా ఉంది.

ఇది చిరుగు కాదు, కోత.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. లోపలికెళ్లి చూస్తే చిన్న కత్తెర మిషను మీద లేదు, కిటికీ గట్టు మీద ఉంది.

"వదినా, కత్తెర తీశారా?"

"గోరు విరిగితే తీశాను. ఏం?"

"ఏం లేదు."

సాయంత్రం మొగుడు చొక్కా విప్పుతుండగానే అందుకుంది. "మీ అక్క పని ఇది."

"మా అక్కా? బొద్దింకని చూసి బల్లెక్కే మనిషి, కుందేలుని పట్టుకుని కోస్తుందా?"

"భయపడేవాళ్లే ముందు కొడతారు. తేలనివ్వండి. తేలిందంటే మాత్రం ఆ రెండు పెట్టెలూ మళ్లీ సర్దాల్సిందే. ముందే చెప్తున్నా."

కండక్టరు నవ్వడం మానేశాడు. అక్కకి వెళ్లడానికి ఇంకో గడప లేదని అతనికి తెలుసు. ఆ సంగతి పెళ్లానికీ తెలుసు.

ఆ రాత్రే కుట్టుమిషనావిడ గాయానికి పౌడరు చల్లి, మిగిలిన జీన్సు ముక్కలతో మచ్చలోడికి కోటు కుట్టింది. కత్తెర దిగకుండా రెండు మడతలేసి, పొట్ట కింద మూడు హుక్కులు బిగించింది. మర్నాటి నుంచి బయటికి వెళ్లేటప్పుడల్లా గూటి గడియకి ఎర్రదారం కట్టడం మొదలెట్టింది. ఆ ముడి ఆవిడ సొంత ముడి, వేరేవాళ్లకి పడదు.

గురువారం వచ్చి చూస్తే దారం ఉన్నది ఉన్నట్టే ఉంది. నల్లోడి ముక్కు మీద మాత్రం కొత్త గాటు.

ఇంకొకరైతే అక్కడే ఆగి ఆలోచించేవారు. ఆవిడ ఆలోచించింది గానీ వేరే దారిలో. 'ముప్పై ఏళ్లు ఆడపిల్లల ఉత్తరాలు విప్పి చదివి, తెలియకుండా మళ్లీ అంటించిన చెయ్యి. నా ముడి ఒక లెక్కా?'

ఆడపడుచు వరండాలోకి వచ్చి ఏదో చెప్పబోయింది. "అమ్మాయ్, ఆ రెండూ..."

"నేను చూసుకుంటాలెండి వదినా" అని గూటికి అడ్డంగా నిలబడింది.

ఆదివారం పొద్దున మచ్చలోడు ఆకు ముట్టలేదు. గూట్లో పెంటికలు కూడా లేవు. కోటు దగ్గర ముక్కు పెడితే కుళ్లు వాసన. కుట్టుమిషనావిడ వెంటనే అటక మీది బుట్ట దించింది. అయినా బుర్ర మాత్రం దాని పని అది చేస్తూనే ఉంది. రెండింటినీ బుట్టలో పెట్టి, "వదినా, తోడు రండి, నేనొక్కదాన్నీ మొయ్యలేను" అంది. అసలు సంగతి మోత కాదు. డాక్టరమ్మ నోటితో 'కత్తెర' అనిపించాలి, అప్పుడు పక్కన ఆ మొహం చూడాలి.

డాక్టరమ్మ మచ్చలోణ్ణి బల్ల మీద పెట్టించి కోటు వంక చూసింది. "ఎవరు కుట్టారు?"

"నేనే."

"కుట్టు బాగుంది. కుందేలే బాగాలేదు. గాలి తగలకుండా బిగించేశారు."

హుక్కులు విప్పి, గాయం చుట్టూ బొచ్చు కత్తిరించింది. బొచ్చు పోతున్నకొద్దీ కింద చిన్న చిన్న కన్నాలు బయటపడ్డాయి, ఒకటి, మూడు, అయిదు. పెద్ద గాయం పక్కనే గడ్డ కట్టింది. దాన్ని కోసి నొక్కితే చీము సున్నపు ముద్దలా గట్టిగా వచ్చింది.

"కత్తెర గాటేనా డాక్టరమ్మా?" అంది కుట్టుమిషనావిడ, ఆడపడుచు మొహం మీద నుంచి కళ్లు తిప్పకుండా.

"కత్తెరేమిటండీ? పళ్లు! కుందేలు పళ్లు ఉలిలా ఉంటాయి, చర్మం కాగితమంత పలచన. పట్టి లాగితే కోసినట్టే తెగుతుంది."

"అన్నదమ్ములండీ అవి!"

"అన్నదమ్ములే. వయసొచ్చింది. ఇక ఒక గూడు ఇద్దరికి చాలదు."

కుట్టుమిషనావిడ ఇంకా నమ్మలేదు. ఇంతలో బుట్ట మూత లేచింది. నల్లోడు ఒక్క గెంతులో బల్లెక్కి మచ్చలోడి పిర్ర పట్టుకున్నాడు. బొచ్చు గాల్లోకి లేచింది. కుట్టుమిషనావిడ చేతులు ఆడలేదు. ఆడపడుచే బల్ల మీది తువ్వాలు లాగి నల్లోడి మీద పడేసి, చుట్టచుట్టి ఎత్తి బుట్టలో కుక్కి, మూత మీద మోచెయ్యి ఆనించింది. భయంతో మొహం పక్కకి తిప్పుకుంది. చెయ్యి మాత్రం తీయలేదు.

తర్వాత ప్రశ్నలన్నీ ఆడపడుచే వేసింది. రోజుకి ఎన్నిసార్లు కడగాలి? నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి? డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పూటపూటా గోరువెచ్చటి సెలైనుతో కడగాలి, పౌడర్లు వద్దు, ఇంట్లో ఉన్న మందులు అసలే వద్దు, నాకేస్తుంది. తాను రాసిచ్చిన మందు వేళకి పట్టించాలి. గూళ్లు వేరు చెయ్యాలి, కింద మెత్తటి గుడ్డ పరవాలి. ఒక పూట తినకపోతే ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి. గాయాలు మానాక రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పోట్లాట తగ్గొచ్చు.

తిరుగుదారిలో నల్లోడి బుట్ట కుట్టుమిషనావిడ మోసింది, డాక్టరమ్మ ఇచ్చిన అట్టపెట్టెలో మచ్చలోణ్ణి ఆడపడుచు పట్టుకుంది. సగం దూరం వచ్చాక ఆడపడుచే అంది. "మొదటివారమే చూశాను, అవి ఒకదాన్నొకటి తరుముకోవడం. రోజూ చెబుదామనుకునేదాన్ని. నువ్వు నా నోటివంక చూస్తేగా, ఎప్పుడూ చేతులవంకే చూస్తావు."

కుట్టుమిషనావిడ బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"పాత హాస్టలు వంటావిడ వాళ్ల వీధిలో ఓ గది ఉందంది. రేపు ఫోన్ చేసి ఖాయం చేస్తాను" అంది ఆడపడుచు.

మర్నాడు పొద్దున్నే కుట్టుమిషనావిడ సెలైను వెచ్చబెట్టి, ఒక్కతే మచ్చలోణ్ణి ఒళ్లో పెట్టుకుంది. వాడు తన్నాడు. నీళ్లు ఒలికాయి, గాయం మళ్లీ చెమ్మగిల్లింది. మూడోసారి కూడా జారిపోయాక గుమ్మంవైపు చూసింది. ఆడపడుచు ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"చేసేశారా వదినా?"

"ఇంకా లేదు."

"చెయ్యకండి."

"ఎందుకు? వీణ్ణి పట్టుకోవడానికి మనిషి కావాలనా?"

"దానిక్కూడా." ఒలికిన నీళ్లు కొంగుతో తుడిచింది. "నేను తప్పు చూశాను వదినా. ఇది మీ తమ్ముడిల్లు, మీ ఇల్లు. ఉండండి."

ఆడపడుచు ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. ఈసారి అనుమానం ఆవిడ వంతు. ఆ హక్కు కూడా ఆవిడకుంది. ఫోను గూటి మీద పెట్టి, తువ్వాలు పరిచి కూర్చుంది. మచ్చలోణ్ణి చంటిపిల్లని చుట్టినట్టు చుట్టింది.

"ఉంటానో లేదో మధ్యాహ్నం చెప్తాను. ముందు నీళ్లు పొయ్యి. మెల్లగా పొయ్యి, కింది నుంచి కాదు, పైనుంచి."